బొమ్మా బొరుసూ

నా దగ్గర పదకొండు మంది రోమన్ మహారాణులున్నారు. అందరూ కలిసి ఒక అగ్గిపెట్టెలో పట్టేస్తారు.

వినడానికి గొప్పగా ఉంటుంది గానీ ఇదేమీ జమీందారీ సరదా కాదు. ఉద్యోగం కోసం లండన్ వచ్చిన కొత్తలో, తోచక వెళ్ళిన ఒక నాణేల సంతలో, మొదటి రాణిని నలభై పౌండ్లకు కొన్నాను. మన పాత పావలా బిళ్ళంత వెండి నాణెం, మూడు గ్రాముల పైచిలుకు బరువు. దాన్ని దెనారియస్ అంటారు. పద్దెనిమిది వందల ఏళ్ళ నాటి వస్తువు ఇంత చవగ్గా ఎలా వస్తుందని అడిగితే, అమ్మే పెద్దాయన నవ్వి, "దాచుకున్నవాళ్ళు తిరిగి రాలేదు కాబట్టి" అన్నాడు. అదొక్కటే కారణం కాకపోయినా అబద్ధం మాత్రం కాదు. కుండల్లో పోసి పాతిపెట్టిన రోమన్ నాణేలు ఇంగ్లండు పొలాల్లో ఇప్పటికీ బయటపడుతూనే ఉంటాయి. 2010లో సోమర్‌సెట్‌లోని ఫ్రోమ్ దగ్గర ఒకే ఒక్క కుండలో 52,503 నాణేలు దొరికాయి.

ఎక్కువమంది చక్రవర్తుల్ని పోగేస్తారు. జూలియస్ సీజర్ నుంచి డొమీషియన్ దాకా పన్నెండు మంది సీజర్లనూ పూర్తిచేయడం వాళ్ళకొక వ్రతం లాంటిది. నేను ఆడవాళ్ళ వైపు వెళ్ళడానికి కారణం ఆ మొదటి నాణెం మీదున్న మాట.

ఆ రాణి పేరు జూలియా డోమ్నా. సిరియాలోని ఎమెసా, అంటే ఇప్పటి హోమ్స్, ఆమె పుట్టిల్లు. తండ్రి సూర్యదేవుడి గుడిలో పూజారి. భర్త సెప్టిమియస్ సెవెరస్ ఇప్పటి లిబియాలో పుట్టినవాడు. ఇద్దరిదీ రోమ్ కాదు, ఇద్దరూ కలిసి రోమ్‌ని ఏలారు. అతను 211లో ఇంగ్లండులోని యార్క్‌లో చనిపోయాడు. ఇద్దరు కొడుకులు, కారకల్లా, గెటా, ఉమ్మడిగా గద్దెనెక్కారు. అన్నదమ్ములకు ఒకరంటే ఒకరికి పడదు. ఆ ఏడాది చివర్లో, రాజీ కుదుర్చుకుందామని చెప్పి కారకల్లా తమ్ముణ్ణి తల్లి గదికి పిలిపించి చంపించాడు. ఇరవై రెండేళ్ళ గెటా తల్లి ఒళ్ళో ప్రాణం వదిలాడు. ఆమె చేతికీ గాయమైంది. కొడుకు కోసం ఏడ్చే వీలు కూడా ఆమెకు లేకపోయిందని, ఆ కాలంలోనే బతికిన చరిత్రకారుడు కాసియస్ డియో రాశాడు.

నా నాణెం 211 తర్వాతది. దాని మీద ఆమె ముఖం చుట్టూ ఉన్న అక్షరాలు: యూలియా పియా ఫెలిక్స్ ఆగుస్తా. పియా అంటే ధర్మపరాయణ. ఫెలిక్స్ అంటే భాగ్యవతి, సంతోషవతి.

నిజానికి అది రాజలాంఛనం. మగ చక్రవర్తులు కూడా ఆ బిరుదు తగిలించుకునేవారు. టంకశాలలో అచ్చు చెక్కినవాడు వెటకారంగా చెక్కి ఉండడు. అయినా ఒకసారి కథ తెలిశాక ఆ మాటను మామూలుగా చదవలేం. ఏడవనివ్వని తల్లి ముఖం చుట్టూ సంతోషవతి అని రాసి సామ్రాజ్యమంతా పంచారు. ఆ నాణెంతో ఎవరో రొట్టెలు కొనుక్కున్నారు, ఎవరో జీతం తీసుకున్నారు.

*

చిన్నప్పుడు నాణెం ఎగరేసి బొమ్మా, బొరుసా అని పందెం వేసుకునేవాళ్ళం. ఈ రాణుల నాణేలకు బొమ్మ ఎంత ముఖ్యమో బొరుసు అంతకంటే ముఖ్యమని నాకు కొంచెం ఆలస్యంగా అర్థమైంది. బొమ్మ వైపు ఆమె ఎలా ఉందో చూపిస్తారు. బొరుసు వైపు ఆమె ఎలా ఉండాలో చెబుతారు.

బొరుసు మీద కనిపించే మాటలు కొన్నే. పుడికీతియా అంటే శీలం. ఫెకుందితాస్ అంటే సంతానసమృద్ధి. కొంకోర్దియా అంటే ఆలుమగల సామరస్యం. ఇంకా జూనో, వీనస్, వెస్టా వంటి దేవతలు. మన పెళ్ళిళ్ళలో పురోహితుడు చదివే ఆశీర్వచనాలు గుర్తొచ్చి మొదటిసారి నవ్వుకున్నాను. దీర్ఘసుమంగళీభవ, సుపుత్రప్రాప్తిరస్తు. పెళ్ళికూతురు ఎవరైనా ఆశీర్వచనం మారదు కదా. ఇక్కడా అంతే.

కారకల్లా భార్య ప్లాటిల్లానే చూడండి. తండ్రి పలుకుబడి కోసం 202లో చేసిన పెళ్ళి. నా దగ్గరున్న ఆమె నాణెం బొరుసు మీద భార్యాభర్తలు చేతులు కలుపుకుని నిలబడ్డారు. చుట్టూ 'వంశాభివృద్ధి' అన్న అర్థం వచ్చే మాట. 'నిత్య సామరస్యం' అని రాసిన నాణేలు కూడా ఆమెకున్నాయి. కారకల్లాకు ఆమె మొహం చూడటమే ఇష్టం లేదు. 205లో మామగారిని చంపేశాక ఆమెను ఒక దీవికి పంపించేశారు. గద్దెనెక్కాక ఆమెనూ చంపించాడు. నాణెం మీద మాత్రం ఇప్పటికీ చెయ్యి వదల్లేదు.

ఆ తర్వాత వచ్చిన ఎలగబాలస్ మూడేళ్ళు తిరక్కుండానే ముగ్గుర్ని పెళ్ళి చేసుకున్నాడు. వాళ్ళలో ఒకామె ముప్ఫై ఏళ్ళు కన్యగా ఉంటానని వ్రతం పట్టిన వెస్టా పూజారిణి. ముగ్గురి నాణేల మీదా కొంకోర్దియా అనే కొట్టించారు. ముఖం మారింది, మాట మారలేదు.

ఎక్కువసేపు చూడలేని నాణెం మాత్రం చిన్న ఫాస్టీనాది. మార్కస్ ఆరీలియస్ భార్య. ఇప్పుడు 'మెడిటేషన్స్' పుస్తకం మన ఆఫీసుల్లో సగంమంది బల్లల మీద ఉంటోంది. అందులో ఆమెకు దక్కింది ఒక్క ముక్క: చెప్పిన మాట వినే, ప్రేమగల, ఆడంబరం లేని భార్యను ఇచ్చినందుకు దేవతలకు కృతజ్ఞత. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆమె డజనుకు పైగా పిల్లల్ని కన్నది. పిల్లలు పుడుతున్న కొద్దీ కొత్త నాణేలు వచ్చాయి. ఒక నాణెంలో ఫెకుందితాస్ చేతుల్లో ఇద్దరు పసివాళ్ళు, కాళ్ళ దగ్గర ఇంకో ఇద్దరు. 161లో కవలలు పుట్టినప్పుడు ఇంకొకటి: సింహాసనం మీద ఇద్దరు పాపాయిలు, చుట్టూ 'ఈ యుగపు సౌభాగ్యం' అని. ఆ కవలల్లో ఒకడు నాలుగేళ్ళకే పోయాడు. రెండోవాడు కమోడస్. 'గ్లాడియేటర్' సినిమా చూసినవాళ్ళకు అతని గురించి చెప్పక్కర్లేదు.

పుట్టినవాళ్ళలో చాలామంది పసితనంలోనే పోయారు. చనిపోయిన పిల్లల లెక్క ఏ బొరుసు మీదా లేదు. నా దగ్గరున్నది నలుగురు పిల్లల నాణెం. దాన్ని కొన్న ఏడాదే మా దగ్గరి స్నేహితురాలికి రెండోసారి గర్భం పోయింది. ఇంటికొచ్చి పెట్టె తెరిచి ఒక్కొక్కరినీ చూస్తూ ఆ నాణెం దగ్గర ఆగింది. "ఇదేంటి?" అని అడిగింది. "ఒక రాణి" అన్నాను. అంతకంటే చెప్పలేకపోయాను.

*

బొరుసులన్నీ అబద్ధాలే అనుకుంటే అది కూడా తప్పే. జాగ్రత్తగా చూస్తే కొన్నిసార్లు నాణేలు రాజకీయాన్ని చరిత్రకారుల కంటే ముందే చెప్పేస్తాయి.

నీరో 54లో పదహారేళ్ళ వయసులో చక్రవర్తి అయ్యాడు. మొదటి బంగారు నాణేల్లో తల్లి అగ్రిప్పీనా, కొడుకూ ఎదురెదురుగా ముఖాలు పెట్టుకుని ఉంటారు. బొమ్మ వైపు బిరుదులు ఆమెవి. కొడుకు బిరుదులు బొరుసు వైపుకి వెళ్ళాయి. ఏడాది తిరిగేసరికి ఇద్దరూ ఒకే వైపుకి తిరిగారు. ముందు కొడుకు ముఖం, దాని వెనక నీడలా తల్లిది. ఈసారి బొమ్మ వైపు బిరుదులు అతనివి, ఆమెవి బొరుసుకి జరిగాయి. ఆ తర్వాత ఆమె నాణేల మీద లేదు. 59లో కొడుకే చంపించాడు. ఇవి నా జీతానికి అందే నాణేలు కావు. బ్రిటిష్ మ్యూజియంలో అద్దం వెనక చూసి తృప్తిపడాల్సిందే.

పెద్ద ఫాస్టీనాది దీనికి పూర్తిగా తలకిందుల కథ. చిన్న ఫాస్టీనాకి తల్లి, ఆంటోనినస్ పయస్ భార్య. భర్త రాజైన రెండేళ్ళకే, 140లో చనిపోయింది. ఆమెను దేవతను చేశారు, రోమ్ నడిబొడ్డున గుడి కట్టారు. ఆ గుడి స్తంభాలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి, వెనక భాగం చర్చి అయింది. ఆమె పేరు మీద పేద ఆడపిల్లల పోషణకు ఒక నిధి ఏర్పాటుచేశారు. ఇక నాణేలైతే, 161లో భర్త పోయేదాకా ఇరవై ఏళ్ళ పాటు ఆగకుండా కొట్టించారు. బతికుండగా రెండేళ్ళు, పోయాక ఇరవై ఏళ్ళు. నా పెట్టెలో ఉన్నది 'ఏతెర్నితాస్', శాశ్వతత్వం. జడల్ని నడినెత్తి మీద చుట్టలా చుట్టుకున్న ముఖం. ఆ ముడి చూసి దూరం నుంచే గుర్తుపట్టొచ్చు.

ఈ పెద్ద ఫాస్టీనాతో నాకు ఇంకో చుట్టరికం ఉంది. ఆమె మా వైపుకి వచ్చింది.

*

మాది మిర్యాలగూడ. నాగార్జునసాగర్‌కి స్కూలు విహారయాత్రలో వెళ్ళని పిల్లలు మా ఊళ్ళో ఉండరు. లాంచీ ఎక్కి కొండకి వెళ్ళడం, మ్యూజియంలో వరసగా నడిచి బయటపడటం, పులిహోర తినడం. డ్యామ్ నీళ్ళు లోయను ముంచకముందు, 1950లలో అక్కడ జరిగిన తవ్వకాల్లో రెండు రోమన్ బంగారు నాణేలు దొరికాయి. ఒకటి టైబీరియస్‌ది. ఇంకొకటి పెద్ద ఫాస్టీనాది. ఈ సంగతి నాకు లండన్‌లో ఒక గ్రంథాలయంలో చదివితే తెలిసింది. మా ఊరికి గంటన్నర దూరంలో నా రాణి ఉందని తెలుసుకోవడానికి నేను ఇంగ్లండు దాకా రావాల్సి వచ్చింది.

ఎలా వచ్చిందో ఊహించడం కష్టం కాదు. మొదటి శతాబ్దపు గ్రీకు వర్తక గ్రంథం 'పెరిప్లస్' మన కోస్తాను మసాలియా అని పిలిచి, అక్కడ సన్నని నూలుబట్ట బాగా తయారవుతుందని చెప్పింది. మచిలీపట్నం వైపు తీరమే అది. ఆ బట్టకూ మిరియాలకూ ముత్యాలకూ రోమ్ నుంచి వెండీ బంగారమూ వచ్చేవి. ఏటా ఐదు కోట్ల సెస్టెర్సుల సొమ్ము ఇండియాకి పోతోందని ప్లినీ వాపోయాడు. మన విలాసాలకూ మన ఆడవాళ్ళకూ ఇంత ఖర్చవుతోందని నింద కూడా వేశాడు. ఆడవాళ్ళ చీరల ఖర్చు మీద మగవాళ్ళ గొణుగుడు అప్పటినుంచీ ఉన్నదే అన్నమాట.

నల్లగొండ జిల్లాలోనే అక్కనపల్లిలో పదిహేను వందలకు పైగా రోమన్ వెండి నాణేలు ఒకేచోట దొరికాయి. అగస్టస్, టైబీరియస్ కాలాలవి ఎక్కువ. టైబీరియస్ దెనారియస్ బొరుసు మీద ఒక స్త్రీ కూర్చుని ఉంటుంది. ఒక చేతిలో దండం, ఇంకో చేతిలో కొమ్మ. పేరు లేదు, చుట్టూ ఉన్న బిరుదు కూడా కొడుకుదే. ఆమె టైబీరియస్ తల్లి లివియా అని చాలామంది నమ్ముతారు. సంగారెడ్డి దగ్గరి కొండాపూర్‌లో ఇలాంటి నాణేల అచ్చుతో చేసిన మట్టి బిళ్ళలు దొరికాయి, తాడు గుచ్చి వేసుకునేందుకు వీలుగా. బంగారం కొనలేని ఎవరో మట్టితో రోమన్ నాణెం చేయించుకుని మెడలో వేసుకున్నారు.

మరి మన రాజులు? శాతవాహనులూ ఇక్ష్వాకులూ తమ పేర్లకు తల్లి పేరు జోడించుకున్నారు. గౌతమీపుత్ర, వాసిష్ఠీపుత్ర, మాఠరీపుత్ర. శాతవాహనుల వెండి నాణేల మీద తల్లి పేరు ఉంటుంది, ముఖం మాత్రం కొడుకుది. రోమ్‌లో ముఖం ఇచ్చి మాట లాక్కున్నారు, ఇక్కడ పేరు ఇచ్చి ముఖం దాచారు అనుకుంటాను. కానీ నాగార్జునకొండలో చాంతిసిరి ఉంది. ఇక్ష్వాకు రాజు చాంతమూలుడికి సోదరి. మేనల్లుడు వీరపురుషదత్తుడి ఆరో ఏట మహాచైత్యం కట్టించి స్తంభాల మీద శాసనాలు వేయించింది. ఎవరి సోదరినో, ఎవరి భార్యనో చెప్పుకుంటూనే, ఇది ఇచ్చింది నేను అని చెక్కించుకుంది. నా పదకొండు మందిలో ఎవరికీ ఆ అవకాశం వచ్చినట్టు నాణేలు చూస్తే తెలియదు.

*

ఇప్పుడు చెప్పాల్సింది చెప్పాలి.

మా నాయనమ్మకు ఒక రూపాయల దండ ఉండేది. పన్నెండు కల్దార్ రూపాయలు, కొక్కేలు పోసి, నల్లతాడుకు గుచ్చినవి. నిజాం సిక్కాల మీద మనిషి బొమ్మ ఉండదు, ఇంగ్లీషు వాళ్ళ కల్దార్ మీద ఉంటుంది. పన్నెండింటి మీదా విక్టోరియానే. "గీమె ఎవరే నాయనమ్మా?" అని అడిగితే, "ఎవరో తెల్లరాణి బిడ్డా, సముద్రం అవతల ఉంటదట" అనేది. ఆమె చనిపోయి అప్పటికి యాభై ఏళ్ళకు పైగా అయిందని నాయనమ్మకు తెలీదు. నాయనమ్మ పోయాక మేనత్తలిద్దరూ అమ్మా కలిసి ఆ దండ తెంపి తలా నాలుగు రూపాయలు పంచుకుందామనుకున్నారు. సెలవుల్లో ఇంటికొచ్చిన నేను అమ్మతో పాటు అవుసులాయన దగ్గరికి వెళ్ళాను.

పాత నాణేల మీద నాకున్న పిచ్చి అమ్మ చెప్పేసింది. ఆయన గల్లాపెట్టె అడుగు నుంచి ఒక చిన్న కాగితం పొట్లం తీశాడు. "పొలం దున్నుతుంటె దొరికిందంట అమ్మా. చెల్లని పైస. వెండి మంచిదే." టైబీరియస్. తిప్పి చూశాను. కూర్చున్న స్త్రీ, చేతిలో కొమ్మ. నా పెట్టెలో లేని లివియా.

గుండె ఎంత వేగంగా కొట్టుకుందో ఇప్పటికీ గుర్తుంది. ఆయన అడిగింది తూకం ధరకు కాస్త ఎక్కువ. లండన్‌లో దానికి కొన్ని వందల పౌండ్లు. పర్సులో చిల్లరతో పాటు పడేస్తే ఏ విమానాశ్రయంలోనూ ఎవరూ అడగరు. కానీ చట్టం నాకు తెలుసు. 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ప్రకారం ఇలాంటివి దొరికితే కలెక్టరుకు చెప్పాలి. 1972 చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన ప్రాచీన వస్తువును దేశం దాటించకూడదు. అదొక్కటే కాదు. ఆ నాణెం ఏ పొలంలో దొరికింది, ఒక్కటేనా, పక్కన ఇంకేముంది అన్నదే దాని అసలు కథ. అది నా పెట్టెలో పడిన రోజు ఆ కథ ముగిసిపోతుంది.

"తహసీల్దారుకు అప్పజెప్పండి" అన్నాను. ఆయన నవ్వాడు. "ఇస్తె మిగతయి ఏడున్నయని ఆ రైతునే పట్టుకుంటరమ్మా. ఎవలిస్తరు?" నేను కొనలేదు. ఫోన్లో ఫొటో మాత్రం తీసుకున్నాను. తర్వాతి ఏడాది వెళ్ళి అడిగితే, "గదా? పట్టీలల్ల పోయింది" అన్నాడు మామూలుగా. ఎవరో పిల్ల కాళ్ళకి మువ్వలైంది.

మంచిపనే చేశానని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. కొని ఉంటే దొంగనయ్యేదాన్ని, కొననందుకు అది కరిగిపోయింది. మూడో దారి ఉంది. ఆ ఫొటో పట్టుకుని నేనే పురావస్తు శాఖ ఆఫీసుకు వెళ్ళి ఉండొచ్చు. సెలవులు అయిపోతున్నాయని వెళ్ళలేదు. అదీ నిజం.

లండన్ తిరిగొచ్చాక అగ్గిపెట్టె తెరిచి చూస్తే ఇంకో ప్రశ్న. ఈ పదకొండు మంది ఏ పొలాల్లోంచి వచ్చారు? ఏ దేశపు అవుసులాయన గల్లాపెట్టెలోంచి? నా జూలియా డోమ్నాకు ఏ కాగితమూ లేదు. నలభై పౌండ్లు ఇచ్చినప్పుడు నేను అడగనూ లేదు. నల్లగొండ పొలం విషయంలో నాకున్న పట్టింపు సిరియా పొలమో బల్గేరియా పొలమో అయితే ఎందుకు లేదు? ఇంగ్లండులో నిధులకు 1996 నుంచి ఒక చట్టం ఉంది. దొరికినవాళ్ళు నమోదు చేయిస్తారు, మ్యూజియం తీసుకుంటే తగిన ధర ముడుతుంది. ఫ్రోమ్ కుండ సంగతి ప్రపంచానికి తెలిసింది, దాన్ని కనిపెట్టినాయన తవ్వకుండా ఆగి పురావస్తు శాఖ వాళ్ళను పిలిచాడు కాబట్టే. మా అవుసులాయనకు అలా పిలిచే ధైర్యం ఇవ్వలేకపోవడం ఆయన తప్పొక్కటే కాదు.

అప్పటినుంచి పాత సేకరణల నుంచి వచ్చినట్టు రాతపూర్వకంగా చూపించగలిగితేనే కొంటున్నాను. అంటే, దాదాపు కొనడం మానేశాను. లివియా చోటు ఖాళీగానే ఉంది.

దండ మాత్రం తెంపలేదు. నేను అడిగితే మేనత్తలు, "ఆ వెండికి ఏమొస్తదే, నువ్వే ఉంచుకో" అన్నారు. ఉంచుకోవడమంటే మిర్యాలగూడలో అమ్మ బీరువాలోనే. ఆ రూపాయలు కూడా వందేళ్ళు దాటినవే, లండన్ తెచ్చుకోలేను. పోయినసారి వెళ్ళినప్పుడు ఒక్కొక్కటే తిప్పి చూశాను. బొమ్మ వైపు విక్టోరియా, కిరీటం, 'ఎంప్రెస్' అన్న మాట, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. బొరుసు వైపు 'వన్ రూపీ, ఇండియా' అన్న అక్షరాలు, చుట్టూ పూలతీగ. అది అన్నింటి మీదా నున్నగా అరిగిపోయింది. నాయనమ్మ మెడకు తగిలే వైపు అదే.